పరీక్షిత్తు – కాలం: గతాన్ని మార్చడంపై పురాణేతిహాసాల దృష్టి

1991లో విడుదలైన సింగీతం శ్రీనివాసరావు చలనచిత్రం ‘ఆదిత్య 369’లో కాలయంత్రం వర్తమానం నుండి 1526 నాటి విజయనగరానికి చేరుతుంది. శ్రీకృష్ణదేవరాయల పాలన ముగియడానికి అప్పటికి మూడేళ్లు, రాక్షస తంగడి యుద్ధానికి 39 ఏళ్లు వ్యవధి ఉంది. తెలుగువారి చారిత్రక స్మృతిలో 1565 వంటి గాయం మరొకటి అరుదు. అయినా ఆ కథ ఒక వజ్రం చుట్టూ, ఆస్థానంలోని పోటీల చుట్టూ తిరుగుతుందే కాని విజయనగర పతనాన్ని ఆపవచ్చునా అన్న ప్రశ్న చుట్టూ తిరగదు. యంత్రం తరువాత 2504కు సాగిపోతుంది. దీనిని వినోదచిత్రపు పరిమితిగా మాత్రమే చూడనక్కరలేదు. గతంలోకి వెళ్లినవాడు గతాన్ని దిద్దాలన్న కోరిక ఇతర భాషల కాలయాన కథలలో బలంగా కనిపిస్తుంది. తెలుగు పాఠకునికి పురాణేతిహాసాల ద్వారా పరిచితమైన కాలకథలలో ఆ కోరిక ఏ రూపంలో ఉన్నదో పరిశీలించడం అవసరం.

ఈ విషయంపై రెండు అభిప్రాయాలు విరివిగా వినిపిస్తాయి. భాగవతంలోని రైవతుని కథను చూపి ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతం మన పూర్వులకు ముందే తెలుసునని చెప్పడం మొదటిది. భారతీయుల కాలభావన చక్రాకారమని, కనుక మన సాహిత్యంలో జరిగినదాని పట్ల పశ్చాత్తాపానికిగాని, ‘అలా జరగకుండా ఉంటే’ అన్న ఊహకుగాని చోటు లేదని, అంతా విధికి వదిలివేయడమేనని చెప్పడం రెండవది. మొదటిది అభిమానం నుండి, రెండవది చిన్నచూపు నుండి పుట్టినా, రెండింటి లోపం ఒకటే: కథను ఎవరు, ఎవరికి, ఏ సందర్భంలో చెప్పారో పట్టించుకోకపోవడం. సందర్భాన్ని గమనిస్తే ఈ కథలలో ముఖ్యమైనవి అనేకం ఒకే వ్యక్తి చుట్టూ చేరి ఉన్నాయని తెలుస్తుంది. అతడు పరీక్షిత్తు. రైవతుని కథ భాగవతంలో అతనికి చెప్పినదే. రాబోయే రాజవంశాల పట్టిక అతనికి చెప్పినదే. చనిపోయి పుట్టి బ్రతికినవాడు అతడు. మరణం తప్పిపోవలసిన ఘడియలో తప్పక మరణించినవాడూ అతడే. మరణించిన తరువాత కుమారుని కంటికి మళ్లీ కనిపించినవాడు కూడా అతడే.

రైవతుడు విన్న పాట

నవమ స్కంధంలోని కథ సుపరిచితమే. వైవస్వత మనువు కుమారుడైన శర్యాతి వంశంలో ఆనర్తుడు, అతని కుమారుడు రేవతుడు. సముద్రమధ్యంలో కుశస్థలి అనే నగరాన్ని నిర్మించుకొన్న రేవతునికి నూరుగురు కుమారులు. పెద్దవాడు కకుద్మి. రేవతుని కుమారుడు కనుక రైవతుడు. అతడు కూతురు రేవతిని వెంటబెట్టుకొని, ఆమెకు తగిన వరుని గురించి అడగడానికి బ్రహ్మలోకానికి వెళ్తాడు. అక్కడ గానం సాగుతున్నది. అవకాశం దొరికేదాకా క్షణకాలం వేచి, తన మనసులోని వరుల సంగతి విన్నవిస్తాడు. బ్రహ్మ నవ్వి, నీవు తలచుకొన్నవారు, వారి కొడుకులు, మనుమలు, మునిమనుమలు కూడా కాలగర్భంలో కలిసిపోయారని, 27 మహాయుగాలు గడిచిపోయాయని, భూమిపై అవతరించి ఉన్న బలదేవునికి ఈ కన్యను ఇమ్మని చెబుతాడు. రైవతుడు తిరిగివచ్చి, తోబుట్టువులు విడిచిపోయిన తన నగరాన్ని చూసి, కూతురును బలరామునికి ఇచ్చి బదరికి తపస్సుకు వెళ్లిపోతాడు.

కథలోని లెక్క పురాణగణితానికి చక్కగా సరిపోతుంది. మహాయుగం 43,20,000 సంవత్సరాలు. 27 మహాయుగాలంటే 11,66,40,000 సంవత్సరాలు. బ్రహ్మకు ఒక పగలు 1000 మహాయుగాలు. పగటికి 30 ఘడియల చొప్పున ఒక ఘడియకు 33 మహాయుగాలకు పైగా వస్తాయి. అంటే రైవతుడు బ్రహ్మలోకంలో గడిపినది ఆ లోకపు ఘడియ కన్న తక్కువ, నేటి లెక్కలో ఇరవై నిమిషాలకు కొంచెం లోపు. ఒక పాట పాడడానికి పట్టే కాలమే. భాగవతం దీనిని క్షణమని, హరివంశం ముహూర్తమని పేర్కొన్నాయి. విష్ణుపురాణం ఆ గాయకులు హాహా, హూహూ అనే గంధర్వులని కూడా చెప్పింది. విశ్వనాథ సత్యనారాయణ ‘హాహాహూహూ’ నవలలో గంధర్వుడు లండను నగరంలో వచ్చి పడడానికి ఈ పేర్ల వెనుకనున్న కథ ఎంతవరకు ప్రేరణో విడిగా పరిశీలించదగిన విషయం.

సాపేక్షతా సిద్ధాంతంతో పోలిక ఇక్కడే చెడుతుంది. ఆ సిద్ధాంతంలో కాలభేదానికి కారణం వేగం లేదా గురుత్వం. రైవతుని కథలో ప్రయాణవేగానికి ప్రసక్తే లేదు. లోకానికొక కాలమానం ఉన్నదన్న సూత్రమే అక్కడి ఆధారం. మనుష్యుల సంవత్సరం దేవతలకు ఒక దినమన్న లెక్కకు అది కొనసాగింపు. రైవతుడు, రేవతి ఇన్ని యుగాలలో ముసలివారు ఎందుకు కాలేదన్న ప్రశ్న హరివంశంలో జనమేజయుని నోటనే వస్తుంది. బ్రహ్మలోకంలో ముదిమి, ఆకలిదప్పులు, మృత్యువు లేవన్నది సమాధానం. భౌతికశాస్త్రపు సమాధానం కాదది. లోకాల తారతమ్యాన్ని చెప్పే సమాధానం.

ఇంతకూ ఈ కథ వంశచరిత్రలో నిర్వహించే పని వేరు. బలరాముని భార్య శర్యాతి వంశపు కన్య అన్న సంప్రదాయం ఒకటి ఉంది. శర్యాతి ఈ మన్వంతరపు ఆరంభానికి చెందినవాడు, బలరాముడు 28వ ద్వాపరాంతానికి చెందినవాడు. వంశవృక్షంలో ఈ రెండు తరాలను పక్కపక్కన నిలపడం ఏ పౌరాణికునికీ సాధ్యం కాదు. పాట వినడానికి ఆగిన ఆ కొద్దిసేపు ఈ అగాధాన్ని పూడ్చివేసింది. యాదవులు మథురను వదిలి స్థిరపడిన ద్వారక నాటి కుశస్థలి స్థానంలోనిదే అన్నది కూడా ఈ కథతోనే ముడిపడి ఉంది. అల్లునికి కన్యతోపాటు ఆమె పూర్వుల నేలపై హక్కు కూడా సంక్రమించినట్లయింది. పురాణాలలో కాలయానం వింతకోసం పుట్టినదని అనుకోవడం కంటె, వంశానుచరితంలోని చిక్కుముడిని విప్పడానికి పుట్టినదని భావించడమే సమంజసం.

కథలో చెప్పకుండా వదిలినవి రెండు ఉన్నాయి. రైవతుడు తనను వెనుకటి కాలానికి పంపమని బ్రహ్మను అడగలేదు. సృష్టికర్త ఎదుట నిలిచి, తన నగరం, తోబుట్టువులు, ప్రజలు ఒక్క పాటలో నశించారని విన్న రాజు ఆ మాట అడగకపోవడం ఆశ్చర్యమే. తాను లేని కాలంలో పుణ్యజనులనే రాక్షసులు కుశస్థలిని ధ్వంసం చేశారని, సోదరులు భయంతో దిక్కులకు చెదిరిపోయారని విష్ణుపురాణం చెబుతుంది. రాజు ఉండి ఉంటే అది జరిగేదా అన్న ప్రశ్నకు కథలో తావు ఉంది, కాని ఎవరూ అడగరు. రెండవది రేవతి మౌనం. తండ్రితోపాటు ఆమె కూడా సర్వం కోల్పోయింది. ఆమె నోట ఒక్క మాటైనా పురాణకర్త పలికించలేదు.

ఆమె శరీరం గురించి మాత్రం విష్ణుపురాణం ఒక ముక్క చెప్పింది. తిరిగి వచ్చిన రైవతునికి మనుషులు పొట్టివారుగా, తేజోబలాలు తగ్గినవారుగా కనిపించారు. బలరామునికి రేవతి మరీ పొడుగుగా తోచింది. అతడు నాగలి మొనతో ఆమెను వంచి తన కాలపు స్త్రీల ఎత్తుకు తెచ్చాడు. భాగవతం ఈ ఘట్టాన్ని వదిలివేసింది. భక్తి గ్రంథానికి అది అనవసరమనిపించి ఉండవచ్చు. కాని ఈ కథలో అర్థవంతమైన ఘట్టం అదే. ఆధునిక కాలయాన కథలో మనిషి గతానికి వెళ్లి గతాన్ని తనకు అనుకూలంగా సవరించాలని చూస్తాడు. విష్ణుపురాణంలో గతం నుండి వచ్చిన మనిషినే వర్తమానం తన కొలతకు సవరించుకొన్నది. గతం చెక్కుచెదరలేదు. మారినది రేవతి.

ఈ కథను వింటున్నది పరీక్షిత్తు అన్నది మరువరాదు. అతనికి మిగిలినవి ఏడు దినాలు. ఒక పాటకు పదకొండు కోట్ల ఏళ్లు కరిగిపోయిన కథను శుకుడు అటువంటి శ్రోతకు చెబుతున్నాడు. ఏడు దినాలకూ ఏడు యుగాలకూ మధ్య ఉన్న తేడా చూసే చోటును బట్టి మారుతుందన్నది అతనికి కేవలం వేదాంత విషయం కాదు.

పుట్టుక: మృతశిశువు

పరీక్షిత్తు పుట్టుకను భారత భాగవతాలు రెండు విధాలుగా చెప్పాయి. ఈ భేదం ప్రస్తుత చర్చకు కీలకమైనది. మహాభారత ఆశ్వమేధిక పర్వంలో ఉత్తరకు పుట్టిన శిశువు ప్రాణం లేనివాడు. అశ్వత్థామ ప్రయోగించిన అస్త్రం గర్భంలోనే అతన్ని చంపింది. కుంతి, సుభద్ర, ఉత్తర విలపిస్తారు. శ్రీకృష్ణుడు తాను పరిహాసానికైనా అసత్యం పలకలేదన్న సత్యాన్ని, యుద్ధంలో వెన్ను చూపలేదన్న సత్యాన్ని, ధర్మంపై తనకున్న ప్రీతిని సాక్షిగా నిలిపి శిశువును బ్రతికిస్తాడు. భాగవత ప్రథమ స్కంధంలో శిశువు మరణించనే లేదు. అస్త్రం తాకబోయే వేళ శ్రీకృష్ణుడు గర్భంలోనే అతన్ని రక్షించాడు.

భారతంలో జరిగిన సంఘటనకు ప్రతీకారముంది. భాగవతంలో సంఘటన జరగకుండానే నివారణ అయింది. భారతకర్త మరణాన్ని చెరిపివేయలేదు. శిశువు చనిపోయి పుట్టినాడన్నది నిలిచే ఉంది, ఆ తరువాత బ్రతికాడన్నది దానిపై చేరిన మరో సంఘటన. కురువంశం పరిక్షీణమైన వేళ పుట్టినందున పరీక్షిత్తు అని భారతం ఇచ్చిన నిర్వచనంలో ఆ క్షయపు జాడ పదిలంగా ఉంది. గర్భంలో చూసిన పురుషుని కోసం లోకంలో కనబడినవారినల్లా పరీక్షించాడని భాగవతం ఇచ్చిన నిర్వచనంలో ఆ క్షయం కనబడదు. ఒకే పేరుకు రెండు వ్యుత్పత్తులు. వాటి వెనుక గతం పట్ల రెండు వైఖరులు.

మర్రిచెట్టుపై మనిషి

ఆదిపర్వంలో పరీక్షిత్తు మరణకథ ఈ చర్చకు ప్రాణం వంటిది. శమీక మహర్షి మెడలో చచ్చిన పామును వేసినందుకు ముని కుమారుడు శృంగి శపించాడు. ఏడవ దినాన తక్షకుడు కాటువేయాలి. రాజు ఒంటిస్తంభపు మేడ కట్టించుకొని మంత్రవేత్తలను, వైద్యులను కాపుంచుకొన్నాడు. ఏడవ దినాన కాశ్యపుడనే విషవైద్యుడు, రాజును బ్రతికిస్తే ధర్మమూ ధనమూ రెండూ దక్కుతాయన్న ఆశతో బయలుదేరాడు. దారిలో తక్షకుడు అడ్డగించి, అతని విద్యను పరీక్షించడానికి ఒక మర్రిచెట్టును కాటువేసి బూడిద చేశాడు. కాశ్యపుడు ఆ బూడిదను పోగుచేసి మొలకగా, రెండాకుల మొక్కగా, కొమ్మలు రెమ్మలుగల చెట్టుగా తిరిగి నిలబెట్టాడు. తక్షకుడు అతడు కోరిన దానికంటె ఎక్కువ ధనమిస్తానన్నాడు. కాశ్యపుడు దివ్యదృష్టితో చూసి, రాజు ఆయువు తీరినదని గ్రహించి, ధనం తీసుకొని వెనుదిరిగాడు.

ఇది నిర్జనమైన అడవిలో ఇద్దరి మధ్య జరిగిన సంభాషణ. మీకెలా తెలిసిందని జనమేజయుడు మంత్రులను అడుగుతాడు. శాస్త్రీయ చరిత్రకారుడు అడగవలసిన ప్రశ్న అది. మంత్రుల సమాధానం మరింత ఆసక్తికరం. ఎండుకట్టెలకోసం ఒక మనిషి ఆ మర్రిచెట్టెక్కి ఉన్నాడు. పాము, వైద్యుడు ఇద్దరూ అతన్ని గమనించలేదు. చెట్టుతోపాటు అతడు కాలి బూడిదై, చెట్టుతోపాటే తిరిగి బ్రతికాడు. అతడే నగరానికి వచ్చి సంగతి చెప్పాడు. తిరగబడిన కాలానికి లోపలి సాక్షి అతడొక్కడే. పేరైనా లేని ఆ కట్టెలవాడు లేకుంటే కాశ్యపుని సంగతి జనమేజయునికి తెలిసేది కాదు. సర్పయాగం జరిగేదీ కాదేమో.

ఎందుకంటే జనమేజయుని కోపం కాటు మీద కాదు. శృంగి శాపం నెరవేర్చడానికి తక్షకుడు నిమిత్తమాత్రుడని అతడు ఒప్పుకోగలడు. కాశ్యపుని వెనుదిప్పడం మాత్రం తక్షకుని స్వంత దుర్మార్గమని అతని నిర్ణయం. కాశ్యపుడు వచ్చి ఉంటే తండ్రి బ్రతికేవాడు. రాజు బ్రతికితే తక్షకునికి పోయేదేమిటని అతడు ప్రశ్నిస్తాడు. ‘అలా జరగకుండా ఉంటే’ అన్న ఊహకు భారతీయ సాహిత్యంలో చోటు లేదనేవారు ఈ ఘట్టాన్ని చదవలేదనే అనుకోవాలి. పైగా ఆ ఊహ ఇక్కడ ఆలోచనగా మిగలలేదు. అగ్నిగుండమయింది. జరిగినదాన్ని మార్చలేని కుమారుడు, జరిగి ఉండగలిగినదాన్ని కళ్ల ముందు నిలుపుకొని ఒక జాతినంతటినీ నిప్పుల్లో పడవేయించాడు.

కాశ్యపుడు వెనుదిరగడానికి కారణం రాజు ఆయువు తీరడమా, ధనమా? ఆదిపర్వం రెండూ చెప్పింది. ఆయువు తీరినదని చూశాడు, ధనమూ తీసుకొన్నాడు. ఆయువు తీరి ఉంటే లంచం అనవసరం. లంచం పనిచేసి ఉంటే ఆయువు మాట సాకు. జనమేజయుడు లంచాన్ని మాత్రమే చూశాడు. విధిని నమ్మేవాడు ఆయువును మాత్రమే చూస్తాడు. భారతకర్త దేనినీ కొట్టివేయలేదు. ఈ కథను విధివాదానికి ఉదాహరణగా చూపేవారు ధనం సంగతి దాటవేస్తారు. పురుషకారవాదానికి చూపేవారు దివ్యదృష్టిని దాటవేస్తారు. రెండింటినీ కలిపి ఉంచడంలోనే కథ బలముంది.

ఒక రాత్రి, ఒక స్నానం

మరణించినవారిని వర్తమానంలోకి రప్పించే ఘట్టం ఆశ్రమవాస పర్వంలోని పుత్రదర్శనం. తెలుగులో దీనిని తిక్కన అనువదించాడు. యుద్ధం ముగిసిన ఎన్నో ఏళ్లకు, వనవాసంలో ఉన్న ధృతరాష్ట్ర గాంధారీ కుంతుల కోరిక మేరకు వ్యాసుడు గంగలో దిగి మృతవీరులను పిలుస్తాడు. భీష్మద్రోణులు, దుర్యోధనాదులు, కర్ణుడు, అభిమన్యుడు, ఘటోత్కచుడు నీటినుండి లేచి వస్తారు. వారిలో వైరం లేదు. పాండవులు కర్ణుని కలుసుకొని ప్రీతిపొందుతారు. పుట్టుగుడ్డివాడైన తండ్రి కొడుకుల ముఖాలు దివ్యదృష్టితో చూస్తాడు. ఒక రాత్రి గడుస్తుంది. తెల్లవారేసరికి అందరూ వచ్చిన దారినే పోతారు. భర్తల వెంట వెళ్లదలచిన స్త్రీలు గంగలో మునుగుతారు.

వ్యాసుడు కురుక్షేత్రాన్ని రద్దు చేయలేదు. రద్దు చేయమని ఎవరూ కోరనూలేదు. కర్ణుడు ఎవరో తెలియకముందు జరిగిన చంపుడు అలాగే ఉంది. ఆ రాత్రి మారినది చంపుడు కాదు, దాని వెంట వచ్చిన వైరం. జరిగిన సంఘటన ఒకటి, అది మనుషులలో వదిలిన కట్టు మరొకటి అన్న వివేచన ఇక్కడ స్పష్టంగా ఉంది. మొదటిదానిపై ఎవరికీ అధికారం లేదు, మహర్షికైనా. రెండవది సడలగలదు.

ఈ కథను విన్న జనమేజయుడు తన తండ్రిని కూడా చూపమని అడుగుతాడు. వ్యాసుడు పరీక్షిత్తును అదే వయసులో, అదే రూపంలో మంత్రులతోసహా చూపుతాడు. వెంట శమీకుడు, శృంగి కూడా కనిపించారని సంస్కృత భారతం చెప్పింది. శపించినవాడు, శపింపబడినవాడు ఒకేచోట నిలిచి ఉన్నారు. జనమేజయుడు అవభృథ స్నానవేళ ముందు తండ్రికి స్నానం చేయించి తరువాత తాను స్నానం చేశాడు. తండ్రి అంతర్ధానమయ్యాడు. ఒంటిస్తంభపు మేడలో కుమారుడు చేయలేకపోయిన సేవకు ఇంతకంటె వేరే పరిహారం భారతం ఇవ్వలేదు. తక్షకుడు బ్రతికే ఉన్నాడు. ఆస్తీకుడు యాగాన్ని ఆపించాడు. తక్షకుని కాటు జరిగినది జరిగినట్టే ఉంది.

యోగవాసిష్ఠం ఇదే భేదాన్ని తర్కంగా చెప్పింది. వెనుక చేసిన ప్రయత్నానికే దైవమని పేరు, అంతకు మించి దైవమనేది లేదన్నది ముముక్షు ప్రకరణంలోని వాదం. నాటి ప్రయత్నమూ నేటి ప్రయత్నమూ రెండు పొట్టేళ్ల వలె ఢీకొంటాయి, బలమున్నది గెలుస్తుంది. ఇక్కడ నేటి పొట్టేలు నిన్నటి దానిని పుట్టకుండా చేయడం లేదు. ఎదురుగా నిలిచి త్రోసివేస్తున్నది. గతాన్ని చెరపడం, గతాన్ని గెలవడం వేర్వేరు పనులు. మడికి సింగన వాసిష్ఠ రామాయణం ద్వారా ఈ గ్రంథం తెలుగులోకి వచ్చిన తరువాత కూడా, మన విమర్శలో విధి గురించిన చర్చ ఎక్కువగా పద్యాలలోని నిర్వేదవాక్యాల చుట్టూనే సాగడం విచారించదగినది.

ఆంధ్రరాజుల భవిష్యత్తు

పరీక్షిత్తు విన్న కాలకథలలో చివరిది తెలుగు పరిశోధకులకు అన్నిటికంటె దగ్గరిది. ద్వాదశ స్కంధంలో శుకుడు రాబోయే రాజులను చెబుతాడు. నందులు, మౌర్యులు, శుంగులు, కాణ్వులు వస్తారు. కాణ్వ సుశర్మను అతని సేవకుడైన ఆంధ్రజాతీయుడు చంపి రాజ్యమేలుతాడు. అతని తరువాత తమ్ముడు కృష్ణుడు, ఆపై శాతకర్ణి పేర్లు గల రాజులు. ముప్పదిమంది 456 సంవత్సరాలు భూమిని అనుభవిస్తారు. క్రియలన్నీ భవిష్యత్తులోనే ఉన్నాయి. విష్ణుపురాణం కూడా పరీక్షిత్తును ఇప్పుడు పాలిస్తున్న రాజుగా చెప్పి, అతని తరువాతివారినందరినీ భవిష్యత్తులోకి నెట్టింది. వాయు మత్స్య పురాణాలు ఆ వర్తమానాన్ని మరికొన్ని తరాల ఇవతలికి, అధిసీమకృష్ణుని కాలానికి జరిపాయి. శాతవాహనుల పాలన క్రీస్తుశకం మూడవ శతాబ్దిలో ముగిసిందన్నది చరిత్రకారుల సాధారణ నిర్ణయం. ఆ పట్టికలు పురాణాలలో కుదురుకొన్న నాటికి ఆ రాజులు గతించినవారు. నాసిక్, నానేఘాట్ శాసనాలు వారి గురించి గతంగా, వర్తమానంగా మాట్లాడుతుంటే పురాణాలు మాత్రం రాబోతున్నారని చెబుతున్నాయి.

ఇక్కడ కాలయానం చేసినవాడు కథలోని పాత్ర కాదు, కథకుడు. అతడు పరీక్షిత్తు కాలానికి వెనుకకు వెళ్లి, అక్కడ నిలబడి ముందుకు చూసి చెబుతున్నాడు. అలా వెళ్లినందువల్ల గతంలో ఒక్క సంఘటనా మారలేదు. మారినది వ్యాకరణం. జరిగినది జరగబోవునదైంది, జరగబోవునది కనుక తప్పనిది అయింది. సుశర్మను చంపిన సేవకుడు ఒక మనిషిగా నిర్ణయం తీసుకొని చేసిన పని, భవిష్యత్ క్రియలో పడగానే విధి అయిపోయింది. పురాణాలలో విధి ప్రబలంగా కనిపించడానికి తాత్త్విక విశ్వాసం ఎంత కారణమో, ఈ కథనపద్ధతి కూడా అంత కారణమని భావించాలి. ఈ వంశావళులకు మూలం భవిష్యపురాణమని, మిగిలినవి దానినుండి గ్రహించాయని పార్జిటర్ 1913లో వాదించాడు. ఆ వాదాన్ని అంగీకరించినా అంగీకరించకపోయినా, భవిష్యత్తు అన్న మాటే ఒక చరిత్ర గ్రంథానికి పేరయినదన్న విషయం మిగులుతుంది. కందిమల్లాయపల్లె వీరబ్రహ్మంగారి పేర ప్రచారంలో ఉన్న కాలజ్ఞాన వాక్యాలలో సంఘటన జరిగిన తరువాత చేరినవాటిని వేరుచేయదలచినవారికి ఈ పురాణపద్ధతి మంచి కొలబద్ద.

ఇరవయ్యో శతాబ్దంలో కోట వెంకటాచలం ఈ పట్టికలలోని సంవత్సరాలను ఆధారం చేసుకొని భారతచరిత్ర కాలక్రమాన్ని శతాబ్దాల వెనుకకు జరపడానికి ప్రయత్నించాడు. విశ్వనాథ పురాణవైర గ్రంథమాలలోని పన్నెండు నవలలను ఆ కాలక్రమంపైనే నిర్మించాడు. వలసపాలకులు రాసిన చరిత్రపై తిరుగుబాటుగా దాని విలువను తక్కువ చేయనక్కరలేదు. కాని ఆ ప్రయత్నంలో ఒక విపర్యాసముంది. పురాణకర్త గతాన్ని భవిష్యత్తుగా చెప్పినది రాజులను కాలం ముందు చిన్నవారిగా చూపడానికి. ద్వాదశ స్కంధంలోనే భూమి ఆ రాజులను చూసి నవ్వుతుంది, నన్ను గెలవాలనుకొన్నవారందరూ పోయారని. ఆ పట్టికనే తెచ్చి ఘనతకు సాక్ష్యంగా నిలపడం ఆ నవ్వును విననట్లే.

భాగవతం 456 అన్నచోట మత్స్యపురాణం ఆంధ్రుల పాలనకు 460 సంవత్సరాలు ఇచ్చింది. రాజుల సంఖ్య, వరుస, ఒక్కొక్కరి పాలనాకాలం పురాణానికొక రకంగా ఉన్నాయి. వెలిగందల నారయ ద్వాదశ స్కంధాన్ని తెలుగు చేసేనాటికి శాతవాహనులు గతించి వేయేళ్లు దాటింది. ఆ ఆంధ్రరాజుల వంశం పరీక్షిత్తుకు రాబోయేది, నారయకు ముగిసిపోయినది. సంస్కృతంలోని భవిష్యత్ క్రియలను తెలుగు అనువాదకులు ఎక్కడెక్కడ నిలిపారు, ఎక్కడ భూతకాలంలోకి జార్చారు అన్న దానిపై పదపదమూ పోల్చిచూసే అధ్యయనం జరగవలసి ఉంది. ఒక్క క్రియారూపం మారినా శుకుడు నిలబడిన చోటు మారిపోతుంది.